మూడు కిలోమీటర్ల నమూనా

ఏప్రిల్ ఆరో తేదీ ఆదివారం మధ్యాహ్నం నాగభూషణం అత్తగారింట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నాడు. ఆ తేదీ అతనికి గుర్తుండిపోవడానికి కారణం కూర రుచి కాదు. కూరలో పనసపొట్టుతోపాటు గిన్నెలు తోముకునే కొబ్బరిపీచు కూడా కొంత కలిసింది. రెండూ చూడ్డానికి ఒకే తీరుగా ఉంటాయి. నమలడం మొదలుపెట్టాకే తేడా తెలుస్తుంది.

"ఎలా ఉంది అల్లుడుగారూ?" అన్నారు సూరమ్మగారు.

"బావుందండీ. కాస్త పీచు పట్టినట్టుంది, అంతే."

"ముదురుకాయ అంటగట్టాడన్నమాట వెధవ! రేపు రానీండి, చెప్తాను వాడి పని."

పనసకాయల వాడి పాపం తన నెత్తిన వేసుకోవడం ఇష్టంలేక, నాగభూషణం మజ్జిగ పోసుకుని మిగిలినదంతా మింగేశాడు.

అతను రోడ్ల నాణ్యతా విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరు. వయసు యాభై నాలుగు. భార్య వకుళ పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. ఆవిడ పోయిన దగ్గర్నించీ ప్రతి ఆదివారం టౌన్లోంచి గుమ్మళ్ళపాడు వచ్చి అత్తగారి చేతి వంట తినడం అలవాటైంది. ఇద్దరూ వకుళ గురించి పెద్దగా మాట్లాడుకోరు. కూరల గురించి మాట్లాడుకుంటారు.

సూరమ్మగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. ఎడమ కన్ను దాదాపు మూసుకుపోయింది. కుడి కంటికి మనుషులు నీడల్లా, నీడలు మనుషుల్లా కనిపిస్తారు. టౌన్లో కళ్ళ డాక్టరు గట్టిగానే చెప్పాడు: "మే నెల దాటనివ్వకండి. ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేను." మే ఎనిమిదో తేదీ ఖాయం చేశాడు.

ఆవిడకి భయం ఆపరేషనంటే కాదు, దారంటే. గుమ్మళ్ళపాడుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువులు. మధ్యలో ఒక గట్టు, గట్టు మీద మట్టి బాట. ఏడాది క్రితం ఆ బాట గోతుల్లో ఆటో ఎగిరి పడ్డప్పుడు ఆవిడ తుంటి దెబ్బతింది. రోడ్డు పడితే గాని గుమ్మం దిగనని అప్పుడే చెప్పేశారు. ఇన్నాళ్ళకి ఆ గట్టు మీద మూడు కిలోమీటర్ల తారు రోడ్డు వేశారు. ఆఖరి రోలరు నిన్ననే వెళ్ళిపోయింది.

"ఇంకేవుందండీ! నాణ్యత పరీక్ష ఒక్కటీ అయిపోతే చాలు. కారు గుమ్మంలోకి వచ్చేస్తుంది" అన్నాడు నాగభూషణం.

"వచ్చిందని మీరు చెప్తే నమ్ముతాను. నాకెలాగూ కనపడదుగా" అన్నారు సూరమ్మగారు.

పరీక్ష చేసే విభాగం అతనిదే. అంచేత అతనికి ఏ అనుమానమూ రాలేదు.

మర్నాడే ఆఫీసుకి అల్ట్రాసోనిక్ యంత్రం వచ్చింది.

అంతకుముందు రోడ్డుని పరీక్షించాలంటే డ్రిల్లు పెట్టి గుండ్రంగా ఒక ముక్క కోసి తీసేవారు. ముక్క ల్యాబుకి వెళ్ళేది, గొయ్యి రోడ్డు మీద ఉండిపోయేది. బాగా నాణ్యమైన రోడ్లని పదేపదే పరీక్షించడం వల్ల వాటికి గోతులెక్కువన్న పేరొచ్చింది. కొత్త యంత్రానికి ఆ బాధ లేదు. రెండు చిన్న బిళ్ళలుంటాయి. గ్రీజు రాసి రెంటినీ రోడ్డు మీద కాస్త ఎడంగా ఆనిస్తే, ఒక బిళ్ళ మన చెవికి అందని శబ్దాన్ని పంపిస్తుంది, రెండోది అందుకుంటుంది. ఆ శబ్దం ఎంత తొందరగా వస్తే తారూ కంకరా అంత గట్టిగా కలిసి ఉన్నట్టు.

"కొబ్బరికాయని వేలితో కొట్టి చూసినట్టా సార్?" అనడిగాడు ల్యాబు అటెండరు మస్తాన్.

"అలాంటిదే మస్తాన్. కాయ పగలగొట్టక్కర్లేదు."

సూపరింటెండింగ్ ఇంజనీరు ప్రభంజనరావుగారు యంత్రానికి బొట్టు పెట్టి, దండ వేసి, ప్రసంగించారు. ఆయన చెడ్డవారు కాదు. అటెండరు పిల్లల పుట్టినరోజులు కూడా గుర్తుపెట్టుకుంటారు. కాకపోతే ఆయన బుర్రలో నిబంధనలు, నిద్రపోయేవాడి కాళ్ళ దగ్గర దుప్పటిలా, కదిలిన కొద్దీ చుట్టుకుపోతాయి.

"మిత్రులారా! నేటితో రోడ్డుని తొలిచే అనాగరిక యుగం ముగిసింది. ఇకమీదట మనం రోడ్డుని గాయపరచం. రోడ్డుని ఆలకిస్తాం. ఈ నూతన శ్రవణ ప్రక్రియకి గుమ్మళ్ళపాడు రోడ్డు ప్రథమ వేదిక కాబోతోంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నాగభూషణం కొంచెం గట్టిగానే కొట్టాడు.

ఆ సాయంత్రం రోడ్డు మొదట్లో బిళ్ళలు ఆనించి చూశారు. యంత్రం మంచి అంకె చూపించింది. నాగభూషణం రిపోర్టు కాగితం తీసి, ఏ దురుద్దేశమూ లేకుండా, ఉద్యోగధర్మంగా ఒక ప్రశ్న వేశాడు.

"సార్, నమూనా అన్నచోట ఏం రాయమంటారు?"

ప్రభంజనరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అలా తుడుచుకుంటున్నారంటే లోపల ఏదో మొలకెత్తుతోందని అర్థం.

"నమూనా అంటే ఏమిటి నాగభూషణంగారూ?"

"రోడ్డులోంచి కోసిన ముక్క సార్."

"మనం కోశామా?"

"లేదు సార్."

"కోయనప్పుడు ముక్క లేదు. ముక్క లేకుండా పరీక్ష జరిగింది. అంటే, దేని మీద జరిగింది?"

"రోడ్డు మీద సార్."

"ఎంత రోడ్డు?"

నాగభూషణానికి అప్పుడు సంగతి అర్థమైంది. "మొత్తం రోడ్డేనంటారా సార్?"

"నేననడం కాదు, శాస్త్రం అంటోంది. ఇది అవిభాజ్య నమూనా. రాయండి. నమూనా ఒకటి. పొడవు మూడు కిలోమీటర్లు."

అతను రాశాడు. సంతకం కూడా పెట్టాడు.

నమూనాలకి పాత నిబంధనలున్నాయి. తుది నివేదిక వచ్చేదాకా నమూనాని తాడుతో కట్టి లక్క సీలు వేయాలి. సంబంధం లేనివారు ముట్టుకోరాదు. దాని మీద బరువులు పెట్టరాదు. గుప్పెడంత ముక్కని దృష్టిలో పెట్టుకుని ఎవరో పుణ్యాత్ముడు రాసినవి. ఇప్పుడవి గుమ్మళ్ళపాడు రోడ్డుకి వర్తించాయి.

మర్నాడు మస్తాన్ రోడ్డుకి ఆ కొసా ఈ కొసా పురికొస కట్టి, ముడి మీద ఎర్ర లక్క కరిగించి, ఆఫీసు ముద్ర గుద్దాడు. మధ్యాహ్నం ఎండకి లక్క కారిపోయింది. సాయంత్రం మళ్ళీ గుద్దాడు. ఇదే అతని దినచర్య అయింది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. నమూనా ల్యాబుకి రాలేదు కాబట్టి ల్యాబే నమూనా దగ్గరికి వెళ్ళినట్టు భావించాలని ప్రభంజనరావుగారు తేల్చారు. దాంతో రోడ్డు మొదట్లో బోర్డు వెలిసింది: "ఇది ప్రయోగశాల. అనుమతి లేనివారు ప్రవేశించరాదు. పాదరక్షలు బయట విడువవలెను."

గుమ్మళ్ళపాడు జనం కాలవలోకి దిగారు. వేసవి కాబట్టి కాలవ కట్టేసి ఉంది. పడవ వెయ్యడానికి నీళ్ళు లేవు, బండి తోలడానికి నేల గట్టిగా లేదు. సైకిళ్ళు నడిపించుకుంటూ, పాలక్యాన్లు నెత్తిన పెట్టుకుంటూ, గేదెల వెనకాల బురద తొక్కుకుంటూ జనం కిందనించి పోతుంటే, పైన గట్టు మీద కొత్త రోడ్డు నల్లగా, నిగనిగలాడుతూ, ఒంటరిగా పడుకుని ఉండేది.

తరవాతి ఆదివారం నాగభూషణం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆ కాలవలోంచే అత్తగారింటికి బయల్దేరాడు. ఊళ్ళో ఆటో నడిపే ఏసుబాబు తోడు కలిశాడు. అతని ఆటోకి ఇంటి ముందు కదలకుండా ఉండే యోగం పట్టింది.

"మా మావ నిన్న ఫోన్ చేశాడండి. రోడ్డు పడిందంట కదా అల్లుడూ, హాయి అన్నాడండి. రోడ్డు పడింది మావా, మేం కాలవలో పడ్డాం అన్నానండి. ఆయ్!"

"కొన్నాళ్ళు ఓపిక పట్టు ఏసుబాబూ. పరీక్ష జరుగుతోంది."

"మా అబ్బాయికీ జరిగినియ్యండి పరీక్షలు. మూడు గంటల్లో బయటికొచ్చేశాడండి."

నాగభూషణం బురదలోంచి చెప్పు పీక్కున్నాడు.

అత్తగారికి సంగతి చెప్పక తప్పలేదు. ఎనిమిదో తేదీ లోపల రోడ్డు తెరవకపోతే నలుగురు కుర్రాళ్ళ చేత కుర్చీలో మోయిస్తానన్నాడు.

"నన్ను నలుగురు మోసుకెళ్ళే రోజు ఎలాగూ వస్తుంది. దానికంత తొందరేం లేదు" అన్నారు సూరమ్మగారు. నవ్వుతూనే అన్నారు. కానీ మజ్జిగ గ్లాసు అందిస్తూ అతని చెయ్యి ఎక్కడుందో తెలీక గాలిలో వెతుక్కున్నారు. నాగభూషణం తన చెయ్యే ముందుకి జరిపాడు.

ఏప్రిల్ మూడో వారంలో ఎండలు ముదిరాయి. మిట్టమధ్యాహ్నం పరీక్ష చేస్తే యంత్రం అంకె పడిపోయింది. తారు వేడెక్కితే మెత్తబడుతుంది, మెత్తని దాంట్లో శబ్దం నెమ్మదిస్తుంది. అందులో వింతేం లేదు. తెల్లవారుజామున చేస్తే అంకె మళ్ళీ పెరిగింది. ఒకే రోడ్డు పొద్దున్న పాసై మధ్యాహ్నం ఫెయిలవుతోంది.

"నమూనా నిలకడగా లేదు. నిబంధనల ప్రకారం నమూనాని ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచాలి?" అన్నారు ప్రభంజనరావుగారు.

"ఇరవై అయిదు సార్. కానీ అది ల్యాబులో..."

"ఇదెక్కడుంది?"

"ల్యాబులోనే సార్" అన్నాడు నాగభూషణం నీరసంగా.

రోడ్డు మీద అప్పడం పెడితే వేగేలా ఉంది. దాన్ని ఇరవై అయిదు డిగ్రీలకి దింపాలి. ముందు షామియానాలు వేశారు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఎండలోనే జరిగాయి. అది చాలక తడి గోనెపట్టాలు కప్పమని ఆర్డరు వచ్చింది. అక్కడ మాత్రం నాగభూషణం గొంతు సవరించుకున్నాడు.

"సార్, సిమెంటు రోడ్డుకైతే తడిపట్టాలు వేస్తాం. తారుకి నీళ్ళు పడవండీ. కంకర వదిలేస్తుంది."

"తారు రోడ్డుకి నీళ్ళు పడవు. ఒప్పుకుంటాను. కానీ ఇది రోడ్డు కాదుగా, నమూనా."

పట్టాలు కప్పారు. అవీ చాలలేదు. అప్పుడు ఐసు గుర్తొచ్చింది. చేపల చెరువులున్న ఊరు కదా, ఐసు దిమ్మలకి లోటు లేదు. చేపలు బయటికి పోయే దారి లేక ఐసంతా ఊరికే కరుగుతోంది కూడా. యంత్రం పెట్టే చోటు మొదటి కిలోమీటరు రాయి దగ్గరని నిర్ణయించారు. కూలీలు రోడ్డు మీద నడవకూడదు కాబట్టి కాలవలోంచి ఐసు దిమ్మలు మోసుకొచ్చి, గట్టెక్కి, ఆ రాయి దగ్గర రోడ్డు మీద పేర్చేవారు. ఒక దిమ్మ కరిగేసరికి ఇంకొకటి. ఒడ్డున కూర్చున్న ముసలాళ్ళు, రోడ్డుకి జ్వరం తగ్గిందా లేదా అని రోజూ మస్తాన్ని వాకబు చేసేవారు.

అంకె అద్భుతంగా వచ్చింది. అలాంటి అంకె మన వాతావరణంలో ఏ రోడ్డుకీ రాలేదన్నారు. మిగతా జిల్లాల నుంచి అధికారులు చూడ్డానికి వచ్చారు. అందరూ బూట్లు విప్పేసి మేజోళ్ళతో, చేతులు వెనక్కి కట్టుకుని, షామియానా కింద గర్భగుడిలో నడిచినట్టు నడిచారు.

"ఈ రోడ్డు ఇంత పటిష్ఠంగా ఉండడానికి రహస్యం ఒక్కటే. నేటికీ దీని మీద ఒక్క వాహనమూ నడవలేదు" అన్నారు ప్రభంజనరావుగారు.

"నిజమే సార్. మా జిల్లాలో కూడా రోడ్లన్నీ వాహనాల వల్లే పాడవుతున్నాయి" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన, కొత్త జ్ఞానం కలిగినవాడిలా.

మే నెల వచ్చింది. ఒకటో తేదీన నాగభూషణం ధైర్యం కూడదీసుకుని ప్రభంజనరావుగారి గదిలోకి వెళ్ళాడు. అత్తగారి కన్ను సంగతి, డాక్టరు చెప్పిన సంగతి అంతా చెప్పాడు. ఒక్క కారు, ఒక్కసారి, నెమ్మదిగా.

ప్రభంజనరావుగారు నిజంగానే బాధపడ్డారు. మంచినీళ్ళు తెప్పించి తాగమన్నారు.

"పెద్దావిడ చూపు చాలా ముఖ్యం. నాకు తెలీదా? కానీ నమూనా మీద వాహనం పెట్టనిచ్చిన దాఖలా దేశంలో ఎక్కడా లేదు. తుది నివేదిక రానీండి."

"తుది నివేదిక ఎప్పుడొస్తుంది సార్?"

"వాహనాల బరువు కింద ఇది ఎలా ప్రవర్తిస్తుందో తేలాక."

"వాహనాలు ఎప్పుడు వదులుతాం సార్?"

"చెప్పానుగా. తుది నివేదిక తర్వాత."

ప్రభంజనరావుగారికి ఆ మాటల్లో ఏ లోపమూ కనబడలేదు. చుట్టూ గోడ కట్టిన తోటలా, ఎటు చూసినా పూర్తిగానే ఉంది. నాగభూషణం లేచి తలుపు దాకా వెళ్ళాడు. మే ఎనిమిదికి ఇంకా వారం. కొంగు అంచు పట్టుకుని గోడ తడుముకుంటూ నడిచే ఆవిడ గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అతను పై అధికారి భాషలో మాట్లాడ్డం అదే మొదటిసారి.

"సార్, నమూనా మీద వాహనం నడపకూడదు. నిజమే. కానీ నమూనా మీద పరీక్ష చెయ్యొచ్చుగా?"

"దానికేగా నమూనా ఉన్నది!"

"అయితే వాహనం నడపొద్దు సార్. భార పరీక్ష చేద్దాం. బరువు వెళ్ళకముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి శబ్దవేగం తీద్దాం. తేడా ఎంతో తేలితే తుది నివేదికకి దారి దొరుకుతుంది."

ప్రభంజనరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సరిగ్గా నా మనసులో ఉన్నదే చెప్పారు! చలద్భార శ్రవణ పరీక్ష! కానీ వాహనం అనకూడదు."

"పరీక్షా సామగ్రి అందాం సార్. ఏసుబాబు ఆటో ఉంది."

"అందులో భారం? ఇసక బస్తాలు వేస్తారా?"

"బస్తాలు జారిపోతాయి సార్. అంకె తప్పొస్తుంది. కదలకుండా ఒక్క చోట కూర్చునే బరువు కావాలి."

"అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?"

"గుమ్మళ్ళపాడులోనే ఉంది సార్. తుంటి దెబ్బ. ఎక్కించాక కదలదు."

ప్రభంజనరావుగారు చాలాసేపు అతని మొహంలోకి చూశారు. నవ్వారో లేదో నాగభూషణానికి ఎప్పటికీ తెలీలేదు. మీసం కింద ఏదో కదిలినట్టు మాత్రం అనిపించింది.

"భారం ప్రామాణికంగా ఉండాలి సుమండీ. తూకం నా సమక్షంలో జరగాలి."

తూకానికి ఆ ఊళ్ళో ఉన్నది ఒక్కటే, చేపల కాటా. ఏడో తేదీ సాయంత్రం దాన్ని సూరమ్మగారి వీధరుగు ముందుకి తెచ్చి, మస్తాన్ నాలుగుసార్లు కడిగాడు. అయినా వాసన పోలేదు.

"చేపల కాటా మీద తూస్తారా నన్ను! ఆ పైన ఐసు కూడా వేస్తారా?" అన్నారు సూరమ్మగారు.

"లేదమ్మా, ఐసంతా రోడ్డుకే సరిపోయింది" అన్నాడు మస్తాన్.

ప్రభంజనరావుగారు ఆవిడకి వినయంగా నమస్కారం పెట్టారు. "అమ్మా, మీరు శాస్త్రానికి గొప్ప సహాయం చేస్తున్నారు. ఒక్కటే మనవి. వెళ్ళేటప్పుడు ఎంత బరువున్నారో, వచ్చేటప్పుడూ అంతే ఉండాలి."

"ఎలా కుదురుతుంది నాయనా? వెళ్ళేటప్పుడు కంట్లో శుక్లం ఉంటుంది, వచ్చేటప్పుడు ఉండదు. ఆ తేడా మీరే ఎక్కడో సర్దుకోవాలి."

ప్రభంజనరావుగారు గంభీరంగా తల పంకించి, "స్వల్ప సవరణ" అని రాసుకున్నారు. ఆవిడ చేతిసంచికి మస్తాన్ ఒక చీటీ కట్టాడు: "ప్రామాణిక భారం. కదపరాదు."

ఎనిమిదో తేదీ పొద్దున్న ఊరంతా గట్టు పక్కన కాలవలో నిలబడింది. ఏసుబాబు ఆటో కడిగి బంతిపూల దండ వేశాడు. పురికొస విప్పారు. తడిపట్టాలూ ఐసు దిమ్మలూ పక్కకి తీశారు. ఆ రోడ్డు మీద మొట్టమొదటి చక్రం కదిలింది. ఆటోలో సూరమ్మగారు, ఆవిడ పక్కన నాగభూషణం. అతని బరువు కూడా లెక్కలో చేర్చారు. వెనకాల ప్రభంజనరావుగారు మేజోళ్ళతో, ఆయన వెనక యంత్రం మోస్తూ మస్తాన్.

డాక్టరు పదింటికల్లా రమ్మన్నాడు. ఆటో పది బారలు కదిలిందో లేదో, "ఆపండి!" అని వెనకనించి కేక. బిళ్ళలకి గ్రీజు రాసి, రోడ్డుకి ఆనించి, అంకె చూసి, రాసుకుని, "సాగించండి!" మళ్ళీ పది బారలు. మళ్ళీ "ఆపండి!" నాగభూషణం వాచీ చూసుకున్నాడు. ఈ లెక్కన అవతలి కొస చేరేసరికి డాక్టరు భోజనానికి వెళ్ళిపోతాడు. మళ్ళీ తేదీ అంటే జూన్ మాట. దిగి వెళ్ళి ఏం చెప్పాలో తోచలేదు. అతనికి వచ్చిన పై అధికారి భాష ఒకటో తేదీతోనే అయిపోయింది.

"అల్లుడుగారూ, ఏవిటిలా గేదె నడక నడుస్తున్నాం?" అన్నారు సూరమ్మగారు.

"పరీక్షండీ. ఆగి ఆగి చూస్తున్నారు."

ఆవిడ బయటికి తల పెట్టారు. ప్రభంజనరావుగారు ఎటున్నారో తెలీక కాలవ వైపు తిరిగి గట్టిగా అన్నారు: "పెద్ద ఇంజనీరుగారూ! ఆపరేషనని రాత్రినించీ నన్నేం తిననివ్వలేదు. ఇలా ఆగుతూ పోతే నీరసం వచ్చి నేను చిక్కిపోతాను. తర్వాత నా బరువు తగ్గిందని మా అల్లుడుగార్ని అనకండి!"

ప్రామాణిక భారం క్షీణించడమంటే పరీక్ష మొత్తం రద్దు కావడమే. ప్రభంజనరావుగారు మేజోళ్ళతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఆగకండి! అత్యంత వేగంగా సాగించండి! భారం తరిగిపోతోంది!"

"ఆయ్!" అన్నాడు ఏసుబాబు, దానికోసమే నెల రోజుల్నించీ కాచుక్కూచున్నట్టు.

ఆటో ఊపందుకుంది. షామియానాలు దాటింది. చల్లగాలి మొహానికి కొట్టింది. చేపల చెరువుల మీద కొంగలు లేచాయి. సూరమ్మగారు ఊతకడ్డీని పట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. కుదుపు కోసం ఎదురుచూస్తున్నారు. అది రాలేదు. కొంతసేపటికి కడ్డీ మీద వేళ్ళు వదులయ్యాయి.

"ఏసుబాబూ, బండి కదుల్తోందా?"

"కదలడమేంటండి, ఎగిరిపోతంటేను!"

ఆవిడ తల సీటుకి ఆనించారు. "మంచి రోడ్డు వేశారు" అన్నారు.

నాగభూషణం మొహం పక్కకి తిప్పుకున్నాడు. అన్ని అంకెలు, అంతమంది అధికారులు, అన్ని ఉపన్యాసాలు అయ్యాయి. ఆ ముక్క ఎవరూ అనలేదు.

పదింటికి ఇంకా కొంచెం ఉండగానే ఆస్పత్రి చేరారు.

ఆ సాయంత్రమే ప్రభంజనరావుగారు రెండో విడత శబ్దవేగం తీసి, భారం వెళ్ళినా నమూనా చెక్కుచెదరలేదని ప్రకటించారు. అయితే ఒక్క భారంతో శాస్త్రం తృప్తిపడదు. రకరకాల భారాలతో నిరంతరం పరీక్షలు జరగాలని, అవి సంతృప్తికరంగా ముగిసేదాకా రోడ్డు తెరవడానికి వీల్లేదని సర్క్యులర్ ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే చేపల కాటా ముందు ఊరు బారులు తీరింది. పాలక్యాన్లు తూకం వేసుకుని ప్రామాణిక భారాలయ్యాయి. చేపల ట్రేలయ్యాయి. స్కూలు పిల్లలు ఒకరినొకరు కాటా మీదకి తోసుకున్నారు. ఒక పెళ్ళికొడుకు మధుపర్కాలతోనే ఎక్కి నిలబడ్డాడు. గుమ్మళ్ళపాడు రోడ్డు మీద రాకపోకలు లేవు. పరీక్షలు మాత్రం పొద్దుట్నించి సాయంత్రం దాకా జరుగుతూనే ఉంటాయి. తుది నివేదిక ఇంకా రాలేదు.

ఆస్పత్రిలో తొమ్మిదో తేదీ పొద్దున్న సూరమ్మగారి కుడి కంటి కట్టు విప్పారు. ఆవిడ ముందు నర్సుని చూశారు, కిటికీని చూశారు, తన గాజులు చూసుకున్నారు. తర్వాత నాగభూషణాన్ని చూశారు. చాలాసేపు చూశారు.

సాయంత్రం ఏసుబాబు ఆటోలోనే తిరుగు ప్రయాణం. ఆవిడ నల్లద్దాల్లోంచి పిల్లలా బయటికి చూస్తూ కూర్చున్నారు. రోడ్డు సాఫీగా వచ్చి, వచ్చి, మొదటి కిలోమీటరు రాయి దగ్గర ఆటో ఒక్కసారిగా ధబ్బున పడి లేచింది. ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. రోడ్డు మధ్యలో తట్టంత గొయ్యి. కంకర వదిలేసి పక్కకి చెదిరింది.

"అదేవిటి? రోడ్డంతా అద్దంలా ఉండి అక్కడొక్కటే గొయ్యి?"

"అది మేం పరీక్ష చేసిన చోటండీ" అన్నాడు నాగభూషణం. "అక్కడే ఐసు పెట్టాం."

సూరమ్మగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వబోయి, కంటికి మంచిది కాదని గుర్తొచ్చి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏసుబాబు మాత్రం ఇద్దరి వంతూ నవ్వాడు.

ఇంటికొచ్చాక ఆవిడ అతన్ని వీధరుగు మీద వెలుతురులో కూర్చోమన్నారు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"మీ జుట్టు ఇంతలా ఎప్పుడు నెరిసింది?"

నాగభూషణం ఆలోచించాడు. "మూడేళ్ళవుతోందండీ."

"ఒక్కసారీ చెప్పలేదే."

"చెప్పేదేవుందండీ అందులో?"

ఆవిడ లోపలికి వెళ్ళారు. పక్కింటివాళ్ళు పంపిన చారన్నం ఇద్దరూ తిన్నారు. ఈ పూటకి టౌనుకి వెళ్ళొద్దని ఆవిడ చెప్పారు. నాగభూషణం అరుగు మీద నులకమంచం వాల్చుకుని, ఊరికే కాస్త నడుం వాలుద్దామని ఒరిగాడు. రోడ్డు మీద ఒక ఆటో లైటు వేసుకుని ఎవరినో పరీక్షకి తీసుకుపోతోంది. ఆ వెలుగు కొబ్బరాకుల మీదుగా జారి పోవడం చూస్తూ అతను నిద్రలోకి జారుకున్నాడు. నెల రోజుల నిద్ర బాకీ ఉంది.

కాసేపటికి సూరమ్మగారు దుప్పటి తెచ్చారు. దీపం అక్కర్లేకుండానే అతని పాదాలు ఎక్కడున్నాయో కనిపించాయి. దుప్పటి కప్పి, ఒక నిమిషం నిలబడి, లోపలికి వెళ్ళారు. గడియ చప్పుడుకి అతను లేస్తాడేమోనని దాని జోలికి పోకుండా, తలుపు దగ్గరగా వేసుకున్నారు.